నాణెంతోపాటు ఊరి పేరు కూడా



తొలకరి చినుకులు పడ్డాయంటే కర్నూలు జిల్లాలో తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చేలల్లో జనం గుంపులుగా కనిపిస్తారు. విత్తనం వేయడానికి కాదు, వజ్రం ఏరుకోవడానికి. వానకు పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు కడిగినట్టు తేలతాయి. సద్దిమూట చెట్టుకొమ్మకు తగిలించి, నడుము వంచి, ఏ రాయి తళుక్కుమంటుందా అని పొద్దుగూకేదాకా వెతుకుతారు. పొరుగు జిల్లాల నుంచి వచ్చి చెట్ల కింద మకాం వేసేవాళ్లూ ఉన్నారు.

అదే చేలో, అదే వానకు ఇంకొకటి కూడా పైకి తేలుతుంది. అది మెరవదు. నల్లగానో, పచ్చని చిలుము పట్టో, చింతగింజంత ఉంటుంది. వజ్రం కోసం వచ్చినవాళ్ల కాలికి తగిలినా ఎవరూ వంగి తీసుకోరు. అది పాత నాణెం. ఈ రోజు నేను మాట్లాడబోయేది దాని గురించే. పాత నాణేలు సేకరించాలన్న కోరిక ఉన్నవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్న సంగతులు మన కర్నూలు, కడప నేల మీదే నిలబడి చెప్పుకుందాం.

నాకు పదేళ్ల వయసులో అలాంటి నాణెం ఒకటి చేతికొచ్చింది. చేను దున్నుతుంటే మడక సాలులో దొరికిందని మా సేద్యగాడు తెచ్చి మా అవ్వకిచ్చాడు. బొటనవేలి గోరంత రాగి బిళ్ల. ఒకవైపు ఏదో జంతువు, రెండోవైపు అక్షరాలు. అక్షరాల మీద పచ్చని పొర. అవ్వ పండుగకని ఇత్తడి బిందెలు తోముతోంది. ఆమె దగ్గరున్న చింతపండు ముద్దే ఇంత తీసుకుని, బూడిద అద్ది, ఆ బిళ్లను అరగంట సేపు తోమాను. కొత్త పైసాలాగా మెరిసింది. ఆ మెరుపు చూసి ఎంత సంబరపడ్డానో! అక్షరాలు మాత్రం పోయాయి.

చాలా ఏళ్ల తర్వాత పుస్తకాలు చదివాక ఆ జంతువు ఏనుగని పోల్చుకున్నాను. విజయనగర రాజుల్లో రెండో దేవరాయలు వేయించిన రాగి కాసుల మీద ఏనుగు ఉంటుంది, వెనకవైపు నాగరి లిపిలో ‘రాయ గజగండభేరుండ’ అన్న బిరుదు ఉంటుంది. నా దగ్గరున్నది అదే కావచ్చు. కావచ్చు అని మాత్రమే అనగలను. రుజువు చేసే రాతను నా చేత్తో నేనే చెరిపేశాను. ఇంకో సంగతి. మాకు ఊరికి తూర్పున ఒక చేను, పడమర ఒక చేను ఉండేవి. నాణెం ఏ చేలో దొరికిందో ఆ రోజు ఎవరమూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే చెప్పేవాళ్లు లేరు.

నాణేల సేకరణలో మొదటి రెండు పాఠాలు నాకు అలా అందాయి. నాణేన్ని తోమకూడదు. దొరికిన చోటు రాసిపెట్టాలి. ఈ ప్రసంగంలో మిగతాదంతా మరచిపోయినా, ఈ రెండూ గుర్తుంచుకోండి చాలు.

అసలు ఈ కరువు సీమలో ఏ నాణేలు దొరుకుతాయి? ఒక్కసారి కాలం వెంట నడిచి చూద్దాం.

జొన్నగిరికి దగ్గర్లోనే ఎర్రగుడి గుట్ట ఉంది. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. ఇప్పటికి ఇరవై రెండు వందల యాభై ఏళ్లు పైబడిన రాత అది. ఆ కాలంలో మన దేశమంతటా చెలామణి అయినవి విద్ధాంక నాణేలు. వెండి రేకును ముక్కలుగా కత్తిరించి, తూకం సరిపోయేదాకా మూలలు చెక్కి, ఒక్కో గుర్తునూ విడివిడిగా కొట్టేవారు. సూర్యుడు, కొండ, చెట్టు, ఎద్దు, ఇలా ఒకే ముఖం మీద అయిదు గుర్తులు. రాజు పేరు ఉండదు, సంవత్సరమూ ఉండదు. బరువు ముప్పై రెండు గురిగింజల ఎత్తు. మన కంసాలి అంగట్లో నిన్నమొన్నటిదాకా బంగారం తూచిన అదే గురిగింజ. అమరావతిలో దొరికిన ఒక్క నిధిలోనే ఇలాంటి నాణేలు 7,668 ఉన్నాయంటే ఆ వెండి మన నేల మీద ఎంత విరివిగా తిరిగిందో ఊహించుకోండి.

తర్వాత శాతవాహనులు. వీళ్లు వెండి, రాగితోపాటు సీసంతో కూడా నాణేలు పోయించారు. తుంగభద్ర ఒడ్డున శాతానికోటలో పురావస్తు శాఖవారు 1977 నుంచి తవ్వకాలు జరిపి, ఆ కాలపు కోటను బయటపెట్టారు. శ్రీశైలం జలాశయం నిండకముందు కృష్ణ ఒడ్డున వీరాపురంలో జరిగిన తవ్వకాల్లో మహారఠి అన్న బిరుదున్న నాణేలు దొరికాయి. మహారఠులంటే శాతవాహనుల కింద సీమలను ఏలిన సామంతులు. పెద్ద రాజుల పేర్లు పురాణాల్లో ఉంటాయి. ఇలాంటి సామంతుల పేర్లు మోసుకొచ్చేది చాలావరకు నాణేలే. ఆ పేరు ఎక్కించుకున్న బిళ్లను ఎవరైనా కరిగించి ఉంటే ఆ మనిషి చరిత్రలో లేనట్టే.

అదే కాలంలో సముద్రాలు దాటి వచ్చినవి రోమన్ బంగారు నాణేలు. చెయ్యేటి ఒడ్డున పరశురాముడి గుడి ఉన్న అత్తిరాలలో దొరికాయి, నంద్యాలలో దొరికాయి. రోము చక్రవర్తి ముఖం కుందూ ఒడ్డుకెలా వచ్చింది? మిరియాలు, ముత్యాలు, రత్నాలు, సన్నబట్ట ఇక్కణ్నుంచి వెళ్లాయి, వాటి వెలగా బంగారం ఇటు వచ్చింది. ఏటా అయిదు కోట్ల సెస్టర్సులు హిందూ దేశానికే పోతున్నాయని ప్లినీ అనే రోమన్ పండితుడు వాపోయాడు. ఆయన బాధపడుతూ రాసిన లెక్కకు రసీదు మన చేలల్లో దొరికిందన్నమాట.

ఇక విజయనగరం. రాయలసీమ అన్న పేరులోనే రాయలున్నారు కాబట్టి, ఇక్కడ సేకరణ మొదలుపెట్టేవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేవి ఆ కాలపు నాణేలే. 1443లో పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ విజయనగరం వచ్చి, అక్కడి డబ్బు లెక్క శ్రద్ధగా రాసుకున్నాడు. బంగారు వరహా, అందులో సగం ప్రతాప, ప్రతాపలో పదో వంతు పణం. పణంలో ఆరో వంతు వెండి తార, తారలో మూడో వంతు రాగి జీతలు. వరహా బరువు మూడున్నర గ్రాములకు కొంచెం తక్కువ. శనగబద్ద వెడల్పుకు కాస్త పెద్దదైన ఆ బిళ్ల మీద దేవుళ్లను చెక్కారు. మొదటి హరిహరరాయల నాణెం మీద హనుమంతుడు, రెండో హరిహరరాయల దాని మీద ఉమామహేశ్వరులు, కృష్ణదేవరాయల దాని మీద బాలకృష్ణుడు, అచ్యుతరాయల దాని మీద ఏనుగులను ముక్కుతోనూ గోళ్లతోనూ పట్టిన గండభేరుండ పక్షి. భూతద్దం పెట్టి చూస్తే గండభేరుండం రెండు తలలూ, రెండు ముక్కులూ, ఒక్కో ముక్కుకు వేలాడే ఏనుగూ విడివిడిగా కనిపిస్తాయి. ఆ అచ్చు చెక్కిన పనివాడి కన్ను ఎంత సూటిదో!

విజయనగరం పడ్డాక ఎవరి చేతికి కోట వస్తే వారి ముద్ర నాణెం మీదికి వచ్చింది. ఔరంగజేబు సేన ఆదోని గెలిచి దానికి ఇంతియాజ్‌గఢ్ అని పేరు పెట్టింది. ఆ పేరుతో బంగారు నాణేలు వెలువడ్డాయి. టిప్పు సుల్తాన్ గుత్తికి ఫైజ్ హిసార్ అని పేరు పెట్టి అక్కడ టంకశాల నడిపాడు. ఆయన రాగి నాణెం మీద కూడా ఏనుగే ఉంటుంది. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేశాక మద్రాసు పూవరహాలు వచ్చాయి. ఒక పూవరహాకు నలభై రెండు పణాలు, పణానికి ఎనభై కాసులు. కంపెనీవారి అర వరహా, పావు వరహా వెండి నాణేల మీద ఒకవైపు నక్షత్రాల నడుమ గుడి గోపురం, రెండోవైపు విష్ణుమూర్తి ఉంటారు. చుట్టూ ఇంగ్లీషు, పారశీకం, అరవంతోపాటు తెలుగులో కూడా విలువ రాసి ఉంటుంది. మన అక్షరాలున్న నాణెం సంపాదించాలనుకునే తెలుగువాడికి అదొక మంచి గమ్యం.

ఆ నాణేలు మన చేతుల్లోంచి పోయాయి గానీ, నోటి నుంచి పోలేదు. కాసుకు కొరగాడు అంటాం. దమ్మిడీ ఆదాయం లేదంటాం. రూకలు లేవంటాం. అసలు డబ్బు అన్న మాటే ఒకప్పుడు ఒక రాగి నాణెం పేరు. అవ్వల మెడలో కాసులపేరుగా వేలాడినవీ ఆ నాణేలే.

సరే, ఎలా మొదలుపెట్టాలి?

మొదట ఇంట్లోనే మొదలుపెట్టండి. అవ్వ ట్రంకు పెట్టె, దేవుని గూడు, పాత హుండీ డబ్బా, బీరువా అడుగున మరచిపోయిన సంచి. చాలా ఇళ్లలో బ్రిటిషు కాలపు నాణేలు పదో పాతికో దొరుకుతాయి. ఇవి ప్రాచీన నాణేలు కావు కదా అని చిన్నచూపు చూడకండి. కన్నుకు తర్ఫీదు ఇచ్చేవి ఇవే. 1835 నుంచి దేశమంతటికీ ఒకే రూపాయి వచ్చింది. బరువు ఒక తులం, అంటే 11.66 గ్రాములు. పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. 1940లో వెండి సగానికి తగ్గింది, 1947లో పూర్తిగా పోయి నికెలు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంతో ఒక సామ్రాజ్యం ఖజానా ఎలా చిక్కిపోయిందో నాలుగు రూపాయి బిళ్లలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. 1911 నాటి అయిదో జార్జి రూపాయి చూడండి. రాజు దుస్తుల మీది ఏనుగు బొమ్మ పందిలా కనిపిస్తోందని జనం అలజడి పడ్డారు. మరుసటి ఏడు తొండం స్పష్టంగా చెక్కి మళ్లీ అచ్చు వేశారు. 1943 నుంచి వచ్చిన నడుమ రంధ్రమున్న చిల్లి కాణీ పిల్లల మొలతాడుకు కట్టిన ఇళ్లెన్నో. ఒక్కోదాని వెనక ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. వీటికి ఖర్చు తక్కువ, నకిలీ భయమూ కొంత తక్కువే.

రెండోది, పనిముట్లు. పెద్ద ఖర్చేమీ లేదు. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం, గ్రాములో నూరో వంతు చూపే చిన్న త్రాసు, ఒక కొలబద్ద, ఒక నోటు పుస్తకం. త్రాసు కొనేముందు ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధిలోనో, మీ ఊరి కంసాలి దగ్గరో కూర్చుని, తూకం ఎలా చూస్తారో గమనించండి. సంగతి చెప్పి అడిగితే నేర్పుతారు. నాణేన్ని ఎప్పుడూ అంచులు పట్టి తీయండి. చేతి చెమట తగిలితే వెండి నల్లబడుతుంది. కింద మెత్తటి గుడ్డ పరచండి, జారిపడినా దెబ్బ తగలకుండా.

మూడోది, భద్రపరచడం. ఒక్కో నాణేనికి ఒక్కో కాగితపు కవరు. జిగటగా ఉండి వాసన వచ్చే మెత్తని ప్లాస్టిక్ సంచుల్లో పెట్టకండి. ఆ ప్లాస్టిక్ వదిలే రసాయనానికి రాగి పచ్చగా కరిగిపోతుంది. సీసపు నాణేలతో ఇంకా జాగ్రత్త. చెక్క పెట్టెలోని ఆవిరికి సీసం తెల్లని పొడిగా రాలిపోతుంది. రెండు వేల ఏళ్లు మట్టిలో నిలిచింది మన బీరువాలో పదేళ్లకు పొడి అయిపోతే ఎంత బాధ!

నాలుగోది, తోమకండి. చింతపండు వద్దు, నిమ్మకాయ వద్దు, పాలిషు వద్దు. మరీ మట్టి అంటుకుంటే మంచినీళ్లలో నానబెట్టి, మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టండి. అంతకు మించి ఏం చేయాలన్నా తెలిసినవాళ్లకే వదిలేయండి. రాగి మీద గట్టిపడిన పచ్చని పొర మురికి కాదు. అది ఆ నాణెం వయసు. అక్షరాలను కాపాడుతున్న చర్మం అది.

అయిదోది, చదవడం నేర్చుకోండి. అన్ని లిపులూ రావాలని లేదు. విజయనగర నాణేలకు నాగరి వస్తే చాలా దూరం వెళ్లవచ్చు. పాత కన్నడ లిపి మన తెలుగుకు అక్కచెల్లెలే కాబట్టి కాస్త తంటాలు పడితే పట్టుబడుతుంది. శాతవాహనులకు బ్రాహ్మి కావాలి, ముప్పైచిల్లర అక్షరాలు గోడకు అంటించుకుని రోజుకు మూడు నేర్చుకుంటే రెండు వారాల్లో వస్తాయి. నవాబుల, సుల్తానుల నాణేలకు పారశీక అంకెలు పది నేర్చుకోండి. హిజ్రీ సంవత్సరం కనిపిస్తే చిన్న లెక్క ఉంది. నూటికి మూడు చొప్పున తగ్గించి, వచ్చినదానికి 622 కలపండి. నాణెం మీద 1200 ఉందనుకోండి. ముప్పై ఆరు తీసేస్తే 1164. దానికి 622 కలిపితే 1786. ఒక్క ఏడు అటూ ఇటూగా సరిపోతుంది. టిప్పు మాత్రం తనదైన మౌలూదీ శకం పెట్టాడు, అంకెలు కుడి నుంచి ఎడమకు రాయించాడు. అది తెలియకపోతే తారీకు తిరగబడుతుంది.

ఆరోది, అన్నీ పోగు చేయాలని పోకండి. ఒక దారి ఎంచుకోండి. విజయనగర రాగి కాసులే కావచ్చు, ఏనుగు బొమ్మ ఉన్నవే కావచ్చు, తెలుగు అక్షరం ఉన్నవే కావచ్చు. వంద రకాల నాణేలు ఒక్కొక్కటి ఉన్నవాడికన్నా, ఒకే రకం ముప్పై పక్కపక్కన పెట్టి తేడాలు చూసినవాడికి ఎక్కువ తెలుస్తుంది.

ఇక మోసాల సంగతి. దీని గురించి గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో ఎందరో ఇళ్లు గుల్ల చేసుకున్నారు. రాముడు, సీత, హనుమంతుడి బొమ్మ ఒకవైపు, ఈస్టిండియా కంపెనీ పేరు ఇంకోవైపు ఉన్న రాగి బిళ్లలు తెచ్చి, బియ్యపు గింజలను లాగుతాయని, అవి ఇంట్లో ఉంటే కోట్లు వస్తాయని నమ్మిస్తారు. శ్రోతలారా, కంపెనీ ఎప్పుడూ అలాంటి నాణెం వేయలేదు. బియ్యాన్ని లాగే లోహం లేదు. రామటెంకాలు ఉన్నాయి, నిజమే. అవి గుడి ముడుపులుగా, పూజలో పెట్టుకోవడానికి చేసినవి. వాటికి మహిమ పేరుతో వెల కట్టేవాడు దొంగ. ఫోనులో ఇంకో మోసం. మీ దగ్గరున్న వైష్ణోదేవి బొమ్మ అయిదు రూపాయల బిళ్లను లక్షలకు కొంటామంటారు, ముందు రిజిస్ట్రేషను రుసుము కట్టమంటారు. తన పేరు వాడుకుని ఇలా రుసుములు వసూలు చేస్తున్నవాళ్లను నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021లోనే ప్రకటన ఇచ్చింది.

నకిలీని పట్టే మార్గాలున్నాయి. అచ్చుతో కొట్టిన నాణేనికీ, మూసలో పోసిన నాణేనికీ తేడా ఉంటుంది. మూసలో పోసిన దాని అంచు చుట్టూ సన్నని అతుకు గీత కనిపిస్తుంది, ముఖం మీద సూదిమొన అంత గుంటలుంటాయి, అక్షరాల అంచులు నానిన సబ్బులా మెత్తగా ఉంటాయి. సుత్తి దెబ్బతో వేసిన దాంట్లో అంచులు పదును, బొమ్మ ఒక పక్కకు జరిగి ఉండడమూ మామూలే. శాతవాహనుల సీసపు నాణేల్లో కొన్ని పోతపోసినవే కాబట్టి, ఏ రకానికి ఏ పద్ధతో ముందే తెలిసి ఉండాలి. తూకం సరిచూడండి. రెండు నాణేలు గీత గీతకూ, గుంట గుంటకూ ఒకేలా ఉన్నాయంటే ఒకే మూసలోంచి వచ్చాయని అర్థం. కొనే ముందు నాణేలున్న ప్రదర్శనశాలల్లో అసలువాటిని కళ్లారా చూడండి. కడపలో భగవాన్ మహావీర్ ప్రభుత్వ ప్రదర్శనశాల ఉంది. అసలును వందసార్లు చూసిన కన్ను నకిలీ దగ్గర దానంతటదే ఆగుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. తవ్వకండి.

గుప్తనిధి పిచ్చి మన సీమకు పట్టిన చీడ. అమావాస్య రాత్రుల్లో పాడుబడ్డ గుళ్లలో నందిని పగలగొట్టారని, గర్భగుడిలో గుంత తవ్వారని పేపర్లో చదవని నెల ఉండదు. దొరికేది ఏమీ ఉండదు. వెయ్యేళ్ల రాయి మాత్రం ముక్కలవుతుంది. నాణేలు సేకరించేవాళ్లకు ఇందులో ఒక బాధ్యత ఉంది. మనం కొంటేనే వాళ్లు తవ్వుతారు. ఎక్కడ దొరికిందో చెప్పనివాడి దగ్గర, రాత్రిపూట తెచ్చి చూపేవాడి దగ్గర పైసా పెట్టి కొనవద్దు.

చట్టం కూడా తెలుసుకుందాం. 1878 నాటి నిధినిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. పునాది తీస్తుంటేనో, చేను చదును చేస్తుంటేనో నాణేల ముంత బయటపడితే, దాని విలువ పది రూపాయలు దాటితే, జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు, వాటా కూడా పోతుంది. చెప్పినవాడికి నష్టం లేదు. హక్కుదారులెవరూ లేరని తేలితే దొరికినవాడికి, పొలం యజమానికి వాటాలుంటాయి. వేరే ఒప్పందం లేకపోతే నాలుగింట మూడు వంతులు దొరికినవాడివే. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లిస్తుంది. అలాగే 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువే. దాన్ని దేశం దాటించకూడదు. వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. కాబట్టి లైసెన్సున్న వ్యాపారి దగ్గరే కొనండి, రసీదు తీసుకోండి, ఆ రసీదు నాణెంతోపాటు దాచండి.

నేను మొదట్లో చెప్పిన మాటకు మళ్లీ వస్తాను, దొరికిన చోటు రాయడం. ఇదంత ముఖ్యమా అని ఎవరైనా అడిగితే నేను గోదావరి ఒడ్డున కోటిలింగాల గురించి చెబుతాను.

అప్పటి కరీంనగర్ జిల్లాలో అదొక చిన్న ఊరు. వానకు గట్టు కోసుకుపోయినప్పుడల్లా అక్కడి దిబ్బ మీద నాణేలు పైకి తేలేవి. దగ్గర్లోని ధర్మపురికి చెందిన ఒక పండితుడు ఓపిగ్గా వాటిని ఏరి, దాచి, పురావస్తు శాఖలోని పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారికి చేర్చారు. శాస్త్రి గారు బ్రాహ్మి అక్షరాలు చదివితే గోభద, కంవాయ, సమగోప అన్న పేర్లు బయటపడ్డాయి. శాతవాహనులకు ముందు అక్కడ ఏలిన రాజులు వాళ్లు. అంతవరకు వాళ్ల పేర్లు లోకానికి తెలియవు. ఆపైన చిముక అన్న పేరు వచ్చింది. శాతవాహన వంశానికి మూలపురుషుడని పురాణాలు చెప్పే రాజు పేరది. శాతవాహనుల తొలినాళ్లు ఎక్కడ అన్న చర్చలో తెలంగాణ నేల బలమైన సాక్షిగా నిలబడింది.

ఆ నాణేలే ఏ పెద్ద నగరపు బజారులోనో ఒక వ్యాపారి పళ్లెంలో దొరికి ఉంటే ఏమయ్యేది? అవే అక్షరాలు, అదే లోహం. కానీ ఏ ఊరివో తెలియదు కాబట్టి ఏమీ రుజువయ్యేది కాదు. చరిత్రను కదిలించింది నాణెం ఒక్కటే కాదు, నాణెంతోపాటు నిలిచిన కోటిలింగాల అన్న ఊరి పేరు.

మన దగ్గర దీనికి ఇంకో చిక్కు ఉంది. పాత ఊరి దిబ్బల మట్టిలో సత్తువ ఉంటుందని రైతులు బండ్లకెత్తి చేలకు తోలుకునేవారు. పాటిమన్ను అంటాం కదా, అదే. ఆ మట్టితోపాటు నాణేలూ, పూసలూ, కుండపెంకులూ చేలల్లోకి వచ్చాయి. అందుకని చేలో నాణెం దొరికితే, ఈ చేనికి ఎప్పుడైనా పాటిమన్ను తోలారా, ఏ దిబ్బ నుంచి తోలారు అని ఊరి పెద్దలను అడగండి. ఎనభై ఏళ్ల తాత ఒక్క మాటతో ఆ నాణేన్ని దాని సొంత ఊరికి చేర్చగలడు. ఆ తాత ఉన్నప్పుడే అడగాలి.

రాయడం ఎలాగో చెబుతాను. ఒక్కో నాణేనికి ఒక్కో పేజీ. వరుస సంఖ్య, తేదీ. దొరికిన ఊరు, చేను పేరు, దగ్గర్లోని గుడో చెరువో బావో ఏదో ఒక గుర్తు. ఎవరిచ్చారు, వాళ్లేం చెప్పారు. లోహం, బరువు, వెడల్పు. ముందువైపు ఏముంది, వెనకవైపు ఏముంది. రెండువైపులా ఫొటో. చదవగలిగితే చదివింది, చదవలేకపోతే కనిపించినదాన్ని కనిపించినట్టు గీసిన బొమ్మ. కొన్నదయితే ఎవరి దగ్గర, ఎంతకు. అంతే.

రెండు వందల ఏళ్ల కిందట కర్నల్ మెకంజీ ఈ దత్త మండలాల్లో కొలతలు వేస్తూ, ఊరూరి చరిత్ర చెప్పే కైఫియత్తులు రాయించాడు, ఆరు వేలకు పైగా నాణేలు పోగు చేశాడు. ఆయనకు చేయీ నోరూ అయినవాళ్లు కావలి సోదరులు, మన తెలుగువాళ్లు. మా ఊరి గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు అని ఇవాళ మనం తెలుసుకోగలుగుతున్నామంటే, ఆనాడు ఎవరో ఓపిగ్గా ఊరి పేరుతో సహా రాసిపెట్టబట్టే. కడపలో బ్రౌన్ పరిశోధన కేంద్రానికి వెళ్తే ఆ కైఫియత్తుల ముద్రిత సంపుటాలు చదువుకోవచ్చు. మీ ఊరి కైఫియత్తు పక్కన మీ ఊరి నాణెం పేజీని పెట్టి చూసుకోండి. పుస్తకంలో వరహాల్లో రాసిన శిస్తు మీ అరచేతిలో బరువుగా తగులుతుంది.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈ వేసవి సెలవులకు పిల్లలకు ఒక పని పెట్టండి. ఇంట్లో ఉన్న పాత నాణెం ఒకటి చూసి, అవ్వనో తాతనో అడిగి, దాని కథ ఒక పేజీ రాసుకురమ్మనండి. నాణేన్ని బడికి తేనక్కర్లేదు, పేజీ తెస్తే చాలు. రైతులకు ఒక మనవి. మడక సాలులో బిళ్ల కనిపిస్తే తుడవకుండా, తోమకుండా ఒక కాగితంలో చుట్టి, ఆ కాగితం మీద చేను పేరు రాయండి. ముంత కనిపిస్తే కదపకుండా తహసీల్దారుకు చెప్పి, కలెక్టరుకు రాయండి.

ఇవాళ సాయంత్రమే ఒక నోటు పుస్తకం కొనండి. మొదటి పేజీలో మీ ఊరి పేరు రాయండి. నాణెం తర్వాత వస్తుంది.